గోడను ఒక్కసారే గీయడం: ఇంటి ప్లాన్ల పనిలో ఆటోక్యాడ్

ఇంటి ప్లాన్ ఎప్పుడూ ఒక్క విడతలో తేలే పని కాదు. యజమాని వంటగదిని ఇంకొంచెం పెంచమంటారు, వాస్తు సిద్ధాంతిగారు ఈశాన్యంలో మెట్లు ఉండకూడదంటారు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక పిల్లర్‌ను అరడుగు జరుపుతారు, ఆ తరువాత హద్దు నుంచి ఇంత ఖాళీ వదలాలనే సెట్‌బ్యాక్ నిబంధన ఒకటి అడ్డు వస్తుంది. కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ అయిన ఆటోక్యాడ్ మీద పట్టు ఉందో లేదో ఈ మార్పులు వచ్చినప్పుడే తెలుస్తుందని నా అభిప్రాయం. ఏ వస్తువునైనా ఫైల్‌లో ఒక్క చోటే గీసి, మిగతా అన్ని చోట్లా దాన్నే చూపించుకునేవారికి మార్పు చేయడం కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. కాపీలు చేసుకుంటూ పోయినవారు ప్రతి షీటునూ మళ్లీ దిద్దుకోవాలి, అందులో ఏదో ఒకటి తప్పకుండా మరిచిపోతారు.

అసలు శ్రమ తగ్గేది సైట్ కొలతల దగ్గరే. మన ఊళ్లలో చాలా స్థలాలు మూలమట్టంగా ఉండవు. నాలుగు భుజాలు మాత్రమే కొలుచుకొని వస్తే, అవే కొలతలతో రకరకాల ఆకారాలు గీయవచ్చు. ఒక కర్ణం కూడా టేపుతో కొలిస్తేనే స్థలం ఆకారం ఖాయమవుతుంది, రెండో కర్ణం కూడా కొలిస్తే మిగతా కొలతలు సరైనవో కావో అక్కడికక్కడే తేలిపోతుంది. ఆటోక్యాడ్‌లో ముందుగా కర్ణాన్ని గీసి, దాని రెండు చివరల నుంచి భుజాల పొడవులే వ్యాసార్ధాలుగా వృత్తాలు గీస్తే, అవి ఖండించుకున్న చోట స్థలం మూల దొరుకుతుంది. స్థలం దిక్కులకు సరిగా కాక ఓరగా తిరిగి ఉన్నప్పుడు డ్రాయింగ్‌ను తిప్పే అలవాటు చాలామందికి ఉంది, అది మంచిది కాదు. యూసీఎస్‌ను (మనం తిప్పుకోగల ఎక్స్, వై అక్షాలను) రోడ్డు వైపు హద్దు గీతకు కలిపి, తెరను ఆ అక్షాలకు సరిచేసే ప్లాన్ కమాండ్ ఇస్తే ఇల్లు తెర మీద తిన్నగా కనిపిస్తుంది, ఉత్తర దిక్కు బాణం మాత్రం హద్దులతో తనకున్న కోణాన్ని వదలదు. దిక్కు ఎన్ని డిగ్రీలు తిరిగి ఉందని సిద్ధాంతిగారు అడిగినప్పుడు ఆ కోణాన్ని నేరుగా కొలిచి చెప్పవచ్చు.

యూనిట్లు, లేయర్లు (గీతలను రకాన్నిబట్టి వేరుచేసే పొరలు), డైమెన్షన్ స్టైల్, టైటిల్ బ్లాక్ అన్నీ ముందే అమర్చిన టెంప్లేట్ ఫైల్ ఒకటి ఉండాలన్నది అందరికీ తెలిసినదే. అయితే అందులో విస్తీర్ణం లెక్క కూడా పెట్టుకోవాలని చాలామందికి తట్టదు. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో ఒక యూనిట్ అంటే ఒక అంగుళం కాబట్టి, స్థలం హద్దును మూసిన పాలీలైన్‌గా (అన్ని భుజాలూ కలిసిన ఒకే గీతగా) గీస్తే దాని విస్తీర్ణం చదరపు అంగుళాలలో నిలుస్తుంది. ఒక గజం 36 అంగుళాలు, కనుక ఒక చదరపు గజం 1296 చదరపు అంగుళాలు. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం 2,59,200 చదరపు అంగుళాలు అవుతుంది. దాన్ని 1296తో భాగిస్తే 200 గజాలు వస్తాయి. ఈ భాగహారాన్ని ప్రతిసారీ చేతితో చేయనక్కర్లేదు. టెక్స్ట్‌లో ఒక ఫీల్డ్ (డ్రాయింగ్ నుంచి విలువను తెచ్చి చూపేది) చొప్పించి, దాన్ని ఆ పాలీలైన్ విస్తీర్ణానికి కలిపి, కన్వర్షన్ ఫ్యాక్టర్ దగ్గర 1ని 1296తో భాగిస్తే వచ్చే విలువ ఇస్తే, హద్దు జరిగినప్పుడు రీజెన్ కమాండ్‌తో డ్రాయింగ్‌ను తాజా చేయగానే గజాల అంకె తనంతట తానే మారుతుంది. గదులకు చదరపు అడుగులు కావాలంటే 1296 బదులు 144తో భాగించాలి. యజమాని చేతికి వెళ్లే కాగితం మీద పాత అంకె మిగిలిపోతుందన్న భయం దీంతో తీరుతుంది, నాకు ఈ పద్ధతి అంత ఇష్టం కావడానికి కారణం అదే.

లేయర్ల విషయంలో ఒక్క నియమం పాటిస్తే చాలు: ప్రతి గీత రంగూ మందమూ బైలేయర్‌గానే, అంటే అది ఉన్న లేయర్‌వే అయి, ఉండాలి. గోడలు, పిల్లర్లు, తలుపులు, ఫర్నిచర్, కరెంటు పాయింట్లు వేరువేరు లేయర్లలో ఉన్నప్పుడు అదే మోడల్ నుంచి మేస్త్రికి ఒక లేఅవుట్ (ప్రింటు తీసే షీటు), ఎలక్ట్రీషియన్‌కు మరో లేఅవుట్ తయారవుతాయి. మేస్త్రి షీటులోని వ్యూపోర్ట్‌లో (మోడల్‌ను షీటు మీద చూపే కిటికీలో) ఫర్నిచర్ లేయర్‌ను ఆ వ్యూపోర్ట్ వరకే ఫ్రీజ్ చేసి కనిపించకుండా చేస్తే సరిపోతుంది. గోడ జరిగితే రెండు షీట్లలోనూ జరుగుతుంది.

తలుపులూ కిటికీలూ బ్లాకులుగానే (ఒకసారి గీసి ఎన్ని చోట్లయినా పెట్టుకునే బొమ్మలుగానే) ఉండాలి, ఆ బ్లాకులను జీరో లేయర్ మీద గీయాలి. అప్పుడు ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగును తీసుకుంటాయి. తలుపుకు ఒక డైనమిక్ బ్లాకు (పెట్టాక కూడా కొలతలు మార్చుకోగల బ్లాకు) చేసి, రెండున్నర, మూడు, మూడున్నర అడుగుల వెడల్పులను జాబితాగా ఇచ్చి, తెరుచుకునే వైపు మార్చుకోవడానికి ఫ్లిప్ పెడితే, బాత్‌రూమ్ నుంచి సింహద్వారం దాకా ఒకే బ్లాకు సరిపోతుంది. 2022 వెర్షన్ నుంచి ఆటోక్యాడ్‌లో కౌంట్ కమాండ్ ఉంది. వడ్రంగికి ఎన్ని తలుపులు చెప్పాలో వేలితో లెక్కపెట్టకుండా దానితోనే తేల్చుకోవచ్చు. ఎలివేషన్‌కు (ఇంటి ముందుభాగం రూపానికి) స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ వాడేవారికి, ఒకటి దిద్దితే అన్ని కాపీలూ మారే కాంపోనెంట్లు ఇదే ఉపకారం చేస్తాయి. గ్రూపును కాపీ చేస్తే ఆ లాభం ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఎక్స్‌రెఫ్, అంటే ఒక డ్రాయింగ్ ఫైల్‌ను మరో ఫైల్‌కు లింకుగా జత చేసి చూపించడం. పిల్లర్లను, వాటి వరుసలను చూపే గ్రిడ్ గీతలను ఒక ప్రత్యేక ఫైల్‌లో ఉంచి, కింది అంతస్తు, పై అంతస్తు, టెర్రస్ ఫైళ్లన్నిటికీ దాన్నే జత చేయాలి. జీ ప్లస్ టూ ఇంట్లో ఒక పిల్లర్ కింద ఒక చోట, పైన మరో చోట కనిపిస్తే అది సైట్‌లో సెంట్రింగ్ కొట్టే రోజున గాని బయటపడదు, అప్పటికి నష్టం పెద్దది. ఇంజనీరు పిల్లర్ జరిపినప్పుడు గ్రిడ్ ఫైల్‌ను మాత్రం మార్చి సేవ్ చేస్తే, మిగతా ఫైళ్లలో రీలోడ్ చేయగానే అన్ని అంతస్తులూ సరిపోతాయి. జత చేసేటప్పుడు పాత్‌ను (ఫైల్ ఎక్కడుందో చెప్పే దారిని) రిలేటివ్‌గా ఎంచుకుంటే ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చినా లింకు తెగదు. ఇంజనీరుకు ఫైల్ పంపేటప్పుడు డీడబ్ల్యూజీ (ఆటోక్యాడ్ డ్రాయింగ్ ఫైల్) ఒక్కటే మెయిల్‌లో పెట్టకూడదు. ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో జత ఫైళ్లన్నీ కలిపి జిప్ చేసి పంపాలి, లేదంటే ఆయన దగ్గర తెరుచుకునే ప్లాన్‌లో పిల్లర్లే ఉండవు.