నలభై ఒకటో నంబరు

మన పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలుసుకునే సభ కమిటీ వాళ్లు ఫోన్ చేసి "బడి రోజుల గురించి రెండు పేజీలు రాయి, సరదాగా ఉండాలి" అన్నారు. మూడు వారాలుగా రాయాలని కూర్చుంటున్నాను. డ్రిల్ సార్ విజిల్, గేటు బయట సమోసాలు, మూడో బెంచి వాళ్ల క్రికెట్ కామెంటరీ మీరందరూ రాసే ఉంటారు. నేను తెలుగు సార్ గురించి రాస్తాను. సార్ గురించి అంటే కిరీటాల గురించి కూడా. ఆ కిరీటాలు ఎవరికీ మర్చిపోయేవి కావు. వాటిని ఎవరు పాడు చేశారన్న విషయంలో మాత్రం ఇన్నేళ్లుగా మీరు అనుకుంటున్నది తప్పు.

నేను 1990 జూన్‌లో ఎనిమిదిలో చేరాను. పాలమూరు దగ్గరి ఊరి నుంచి వచ్చి కాచిగూడలో ఒక గదిలో ఉండేవాళ్లం. ఆ మార్చిలోనే బుద్ధుడి విగ్రహం హుస్సేన్ సాగర్‌లో మునిగిపోయింది. మన బడి రోజుల్లో ఎక్కువ భాగం ఆయన నీళ్ల అడుగునే ఉన్నాడు. చేరిన మొదటి రోజు "ఏడికి పోవాలె సార్" అని అడిగాను. క్లాసంతా నవ్వింది. నా డబ్బాలో గట్క చూసి రెండోసారి నవ్వింది. డిసెంబరులో కర్ఫ్యూ పెట్టి బడి మూసేస్తే మీకందరికీ బోరు కొట్టింది. నాకు అవి చాలా హాయిగా గడిచిన రోజులు.

తెలుగు సార్ భారతం చెబుతుంటే పక్క సెక్షన్ వాళ్లు కూడా కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. ఆయన గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒకరోజు ద్రోణుడు తన పేదరికం గురించి భీష్ముడికి చెప్పుకున్న ఘట్టం చెప్పారు. పిల్లవాడు అశ్వత్థామ పాల కోసం ఏడిస్తే, తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లు ఇచ్చి పాలన్నారు. వాడు నమ్మి తాగి, పాలు తాగానని గంతులేశాడు. అక్కడి నుంచి సార్ ఏకంగా ద్రోణపర్వానికి వెళ్లి ధర్మరాజు గొంతు తగ్గించి "కుంజరః" అన్నది కూడా చేసి చూపించారు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది మీలో కొందరు చూశారు.

మర్నాడు మధ్యాహ్నం మన క్లాసులో కిటికీ పక్కన కూర్చునే బ్యాచ్ వాళ్లు నన్ను పిలిచి బాదం పాలని ఒక సీసా ఇచ్చారు. అప్పటిదాకా ఎవరూ నన్ను తిండి దగ్గరికి పిలవలేదు. తాగాను. పచ్చి పిండి అని మొదటి గుక్కలోనే తెలిసింది. అయినా "బాగున్నయి" అన్నాను. ఎందుకంటే పిలిచారు కదా. ఆ రోజు నుంచి హాజరు పట్టీలో నా పేరు రాగానే ఎక్కడి నుంచో సన్నగా "కుంజరః" అని వినిపించేది. రెండేళ్లు విన్నాను.

తొమ్మిదో తరగతిలో, మనం నాందేడ్ అని పిలిచినవాడు వచ్చాడు. రైల్వే క్వార్టర్స్ అబ్బాయి, రోల్ నంబరు 41, మాట్లాడాలంటే ముందు మరాఠీలో అనుకుని తర్వాత తెలుగులో వెతుక్కునేవాడు. చివరి బెంచిలో నా పక్కనే. ఇద్దరం ఒకరి డబ్బా ఒకరం పంచుకునేవాళ్లం. ఆ ఏడాది ఇంకేం జరిగిందో, పాఠాలేమిటో నాకు ఒక్కటీ గుర్తు లేదు. వార్షికోత్సవం ఒక్కటే గుర్తుంది.

కురుసభ నాటకానికి పాండవుల కిరీటాలు అయిదూ చేసింది నేనే. అట్టలు కత్తిరించి, మైదా ఉడకబెట్టిన జిగురుతో బంగారు కాగితం అంటించి, అమ్మ పాత దండలోని పూసలు కుట్టాను. వారం రోజులు పట్టింది. సహదేవుడి వేషమైనా ఇస్తారనుకున్నాను. సార్ నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా, "నీ యాస సభలో ఇమడదు నాయనా, నువ్వు తెర లాగు" అన్నారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కిరీటాలు అయిదూ తీసుకెళ్లి కుళాయి కింది తొట్టిలో ముంచాను. జిగురు కరిగి నీళ్లు తెల్లగా అయ్యాయి. చేతులు కడుక్కుని తల ఎత్తితే ఎదురుగా నాందేడ్. వాళ్ల నాన్న డ్యూటీ దిగేదాకా వాడు బడిలోనే ఉండేవాడు.

మర్నాడు, చివరిదాకా బడిలో ఉన్నది నాందేడేనని అటెండర్ చెప్పాడు. డ్రిల్ సార్ వాణ్ని ప్రార్థన దగ్గర అందరి ముందు నిలబెట్టి కొట్టారు. వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అక్కడితో ఆగినా బాగుండేది. క్లాసులోకి వచ్చాక హాజరులో 41 పిలవగానే, చివరి బెంచి నుంచి, వాడి పక్క నుంచి, "కుంజరః" అన్నది నేను. క్లాసంతా నవ్వింది. మీరందరూ నాతో కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు నాకెంత రుచించిందో చెబితేనే తర్వాతి ఏడాది మీకు అర్థమవుతుంది.

పదిలో నన్ను క్లాస్ లీడర్ని చేశారు. ఆ నీలం అట్ట పుస్తకం మీకు గుర్తే. బాదం పాల సీసా పట్టుకున్న నలుగురి పేర్లు అందులో ప్రతి వారం ఉండేవి, మాట్లాడినా మాట్లాడకపోయినా. దెబ్బలు పడుతుంటే లెక్కపెట్టుకునేవాణ్ని. నాందేడ్ ఆ ఏడాది రాలేదు. టీసీ తీసుకున్నాడని విన్నాను.

1992 డిసెంబరు 1న బుద్ధుణ్ని నిలబెట్టారు. ఆ వారంలోనే సార్ సౌప్తిక పర్వం చెప్పారు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని గుడ్లగూబ చంపడం చూసి అశ్వత్థామకి ఆ ఆలోచన వచ్చిందట. నిద్రపోయేవాళ్లని చంపడం తప్పని మేనమామ కృపాచార్యుడు చెప్పాడు. చెప్పి, వెంట వెళ్లి, కృతవర్మతో కలిసి వాకిలి దగ్గర కాపలా కాశాడు. సార్ అది చెబుతూ నా వైపు చూశారనుకున్నాను. చూడలేదు, కళ్లజోడు తుడుచుకుంటున్నారంతే. అడిగితే ఆ క్షణంలో అంతా చెప్పేసేవాణ్ని. ఎవరూ అడగలేదు. అడగనందుకు సార్‌ని తప్పుపట్టను. నోరు నాది.

సార్‌ని చివరిసారి చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర కలిశాను. "నువ్వు కిరీటాలు చేసినవాడివి కదూ? ఎంత బాగా చేశావురా" అన్నారు. పాదాలకి దండం పెట్టి వచ్చేశాను. ఇప్పుడు ఆయన లేరు.

నా సంగతి అడిగారు కాబట్టి: విద్యుత్ శాఖలో ఇంజినీరుగా ఉన్నాను. బోడుప్పల్‌లో ఇల్లు కట్టుకున్నాం. నాయన హమాలీ పని మాన్పించి చివరి పదేళ్లు దగ్గర పెట్టుకోగలిగాను. అమ్మాయి ఉస్మానియాలో హౌస్ సర్జన్. ఇంట్లో మేం ఇప్పటికీ "ఏడికి" అనే అంటాం. నీలం పుస్తకంలోని నలుగురికీ నేను విడిగా ఫోన్ చేశాను. ముగ్గురు మాట్లాడారు.

కమిటీ పంపిన చిరునామాల పట్టికలో 41 దగ్గర ఖాళీ ఉంది. రైల్వే క్వార్టర్స్‌కి రెండుసార్లు వెళ్లాను. అప్పటివాళ్లు ఎవరూ లేరు. మీలో ఎవరికైనా వాడి జాడ తెలిస్తే నాకు చెప్పండి. కిరీటాలు నేనే ముంచానని ఈ పేజీ మీదుగానే వాడికి తెలిసినా సరే.

మనం కలిసే రోజు పాత క్లాసులోనే కూర్చోబెట్టి హాజరు పిలుస్తారట. చివరి బెంచిలో నా పక్క చోటు ఖాళీగా ఉంచండి. 41 పిలిచినప్పుడు దయచేసి ఎవరూ ఏమీ అనకండి.