మూడు చిల్లులు

రాత్రి పదకొండున్నర దాటింది. నీలం బకెట్టు ఇంకా బాత్‌రూంలోనే ఉంది. పొద్దున అమ్మ చూస్తే ఏమంటుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. మా మేనల్లుడు చిన్నోడి సైకిలు ట్యూబు అందులో మునిగి ఉంది. ఈరోజు సైక్లోక్రాస్ రేసులో పోయిన ట్యూబది. చేలల్లో, ఇసకలో తొక్కుతూ, తొక్కలేని చోట సైకిలు ఎత్తుకుని పరిగెత్తే పోటీ అది. నాకేమో నిద్ర రావడం లేదు.

మూడు చిల్లులున్నాయి. సాయంత్రం అందరి ముందూ చూసినప్పుడు రెండే. పక్కపక్కన, పాము కాటేసినట్టు, సన్నటి గాట్లు. అవి కనబడగానే అన్న మొహం వెలిగిపోయింది. "నేను చెప్తానే ఉండా, గాలి చాలదని." ఆ మాట సంగటి దగ్గర ఒకసారి, కాఫీ దగ్గర ఒకసారి, పక్కింటాయన గేటు దగ్గర కనిపిస్తే ఆయనకి ఒకసారి. రేసు ఎట్ల జరిగిందని ఆయన అడగనే లేదు.

ఆ జంట గాట్లకి అర్థం ఒకటే. రాయో, గెనిమ (చేను గట్టు) అంచో తగిలినప్పుడు టైరు పూర్తిగా అణిగి, రిమ్ముకీ రాయికీ మధ్య ట్యూబు నలిగిందని. గాలి తక్కువైతేనే అట్ల అవుతుంది. గాలి ఎంత పెట్టాలో చెప్పింది నేను. 27 పీఎస్‌ఐ. పంపు కొట్టిందీ నేనే. కాబట్టి సాయంత్రమంతా నోరు మూసుకున్నా.

తప్పు ఒప్పుకుంటా గానీ అన్న వాదన ఒప్పుకోను. ఆయన లెక్కలో గాలి ఎంత గట్టిగా ఉంటే బండి అంత జోరు. సైకిల్ షాపులో బొటనవేలితో నొక్కి, దిగకపోతే "సూపర్" అంటారే, ఆ లెక్క. తార్రోడ్డు మీద అది కొంతవరకు చెల్లుతుంది. ఈరోజు రేసు జరిగిన చోట, తొండవాడ అవతల, స్వర్ణముఖి ఏటి పక్క బీట్లో చెల్లదు. చెనక్కాయ పీకేసిన చేను, దాంట్లో ఎండిన గడ్డలు, వానకి జారే ఏటవాలు గట్టు, నలభై అడుగుల ఏటి ఇసక. గట్టి టైరు ప్రతి గడ్డ మీదా ఎగురుతుంది. ఎగిరిన క్షణంలో దానికి నేల మీద పట్టుండదు. ఏటవాలులో అంతే సంగతి, వెనక చక్రం కిందికి జారిపోతుంది. ఇసకలో అయితే కత్తిలాగా దిగబడుతుంది. మెత్తటి టైరు గడ్డని తనలోకి తీసుకుంటుంది, ఇసక మీద పరుచుకుంటుంది. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) పోటీల్లో టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లు దాటకూడదు. అంత సన్నటి టైరుతో బురదలో నెగ్గుకురావాలంటే గాలి తగ్గించడం తప్ప దారి లేదు. మనవాళ్ళ రేసులో ఆ కొలతల పట్టింపు లేదు. చిన్నోడికి 35 వేశా.

అన్న రెండో వాదన ఇది. "సైకిలు ఎత్తుకోని పరిగెత్తేదానికి సైకిలెందుకు?" 1902 లోనే ఫ్రాన్సులో దీనికి జాతీయ పోటీ పెట్టారని చెప్పా. 1950 లో పారిస్‌లో మొదటి ప్రపంచ పోటీ గెలిచినాయన జాన్ రోబిక్, 1947 టూర్ డి ఫ్రాన్స్ గెలిచినాయనే అని కూడా చెప్పా. "అయితే వాళ్ళకీ పనిలేదు" అన్నాడు.

ఆ మాటకి నాకు తాత గుర్తొచ్చాడు. మా ఇంట్లో సైకిలు భుజాన వేసుకున్న మొదటివాడు చిన్నోడు కాదు. వాన పడితే తాత రంగంపేట వైపు నుంచి చంద్రగిరికి వచ్చేటప్పుడు కల్యాణి వాగులో నీళ్ళు మోకాళ్ళు దాటేవి. ఆయనది పాత నల్ల సైకిలు. పూర్తి చైన్ కవరు, క్యారియరు, రెండు కాళ్ళ స్టాండు, అన్నీ కలిపి ఇరవై కిలోలకి తక్కువుండదు. తువ్వాలు చుట్టకుదురులా చుట్టి కుడి భుజం మీద పెట్టుకునేవాడు, దాని మీద పై గొట్టం. భుజం సరిగ్గా నడిమధ్యకి రావాలి. ముందుకొస్తే వెనక చక్రం మడమలకి తగులుతుంది, వెనక్కొస్తే ముందు చక్రం నీళ్ళలోకి వాలుతుంది. దానికంటే పెద్ద తంటా హ్యాండిలు. ఎత్తగానే అది గిరుక్కున తిరిగి మొహానికి కొడుతుంది. అందుకని తువ్వాలు కొసతో హ్యాండిల్ని కింది గొట్టానికి కట్టేసేవాడు. అప్పుడు ఎడం చెయ్యి ఖాళీ, దాంట్లో కర్ర.

చిన్నోడికి నేర్పింది అదే, తువ్వాలు లేకుండా. కుడి చెయ్యి కింది గొట్టం కిందుగా పోనిచ్చి, హ్యాండిల్ ఎడమ వంపు పట్టుకోవాలి. అప్పుడు హ్యాండిలు తిరగదు, ఎడం చెయ్యి పరుగుకి ఊతమిస్తుంది. ఇంత చేసేది కట్ట ఎక్కేటప్పుడే. బాటకి అడ్డంగా పెట్టే పలకల దగ్గర భుజం దాకా అక్కర్లేదు, పై గొట్టం పట్టుకుని మోకాలెత్తు లేపితే చాలు. వాటర్ బాటిల్ స్టాండ్లు ముందే విప్పెయ్యాలి, లేకపోతే మోచెయ్యి దూరదు. దిగడం ఎప్పుడూ ఎడమ పక్కకే, చైను కుడివైపు ఉంటుంది కాబట్టి. చిన్నోడి సైకిలు పదిన్నర కిలోలు. తాత బండిలో సగం.

ఎక్కడికో పోయా. రేసు సంగతి.

నలభై నిమిషాల రేసు, ఇరవై ముగ్గురు పిల్లలు. మొదటి రెండు చుట్లకి ముందున్నవాడికి ఎంత పట్టిందో చూసి మొత్తం ఎన్ని చుట్లో లెక్క కడతారు. చుట్టుకి ఆరున్నర నిమిషాలు పట్టింది, అంటే ఆరు చుట్లు. పలకలు నలభై సెంటీమీటర్ల ఎత్తు దాటకూడదు, రెంటి మధ్యా కనీసం నాలుగు మీటర్లుండాలి, కిందినుంచి పైదాకా సందు లేకుండా మూసి ఉండాలి. మనవాళ్ళు మేకులు పాతి సర్వి కట్టెలు అడ్డంగా కట్టారు, కింద ఇంత సందు! దాంట్లో ముందు చక్రం దూరితే మనిషి బోర్లా పడతాడు. గోనె పట్టలు అడిగి, నేనే కట్టా. ఎవరికీ ఇది ముఖ్యమనిపించలేదు.

మంచి ముక్క కూడా చెప్పాలి కదా. ఈరోజు చిన్నోడు మళ్ళీ ఎక్కేటప్పుడు, గంతుకి ముందు వేసే ఆ కుంటి అడుగు వెయ్యలేదు. గంతేసి నేరుగా సీటు మీద కూలబడకుండా తొడ లోపలి పక్క మీద వాలి జారాడు, ప్రతిసారీ. ఆరో స్థానంలో ఉన్నాడు.

మూడో చుట్టులో, పిట్ (సైకిలు మార్చుకునే చోటు) దాటి రెండొందల మీటర్లు పోయాక, వెనక టైరు చచ్చింది. ఇక్కడ నాకు ఇంకా మండుతోంది. సైక్లోక్రాస్‌లో దారికి ఎదురు వెనక్కి రాకూడదు. పిట్ దాటేస్తే దాటేసినట్టే, ముందుకే పోయి చుట్టు తిరిగి రావాలి. అందుకే బాట ఒకదాని పక్కకి ఒకటి మడిచి, రెండు పాయల మధ్య పిట్ పెడతారు. ఒకే పిట్‌కి చుట్టులో రెండుసార్లు దారి దొరుకుతుంది. ఆ మడత వెయ్యడానికి బీట్లో కావలసినంత చోటుంది. వెయ్యలేదు. బాట గుర్తుకి కట్టే రిబ్బను అయిపోయిందట. రిబ్బను! ఒక్క రిబ్బను చుట్ట కోసం పిల్లాడు కిలోమీటరున్నర పైగా సైకిలు మోసుకుంటూ, తోసుకుంటూ పరిగెత్తాడు. ఖాళీ టైరు మీద తొక్కితే రిమ్ము వంకర పోతుందని నేను చెప్పి ఉన్నా, పాపం తొక్కలేదు. పిట్‌లో నా సైకిలు ఇచ్చా, సీటు రెండు వేళ్ళు కిందికి ఉంది, అట్లే తొక్కాడు. ఒక చుట్టు వెనకబడి పదిహేడోవాడు. పెద్ద పోటీల్లో అయితే ఇదీ దక్కదు. ముందున్నవాడి మొదటి చుట్టు సమయంలో ఎనభై శాతం, అంటే మన లెక్కలో అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు వెనకబడితే బాటలోంచి తీసేస్తారు. మనవాళ్ళు అది పెట్టలేదు. ఆ ఒక్క విషయంలో మంచిపని చేశారు.

సరే, మూడో చిల్లు. అందరూ పడుకున్నాక ట్యూబుకి ఇంకాస్త గాలి కొట్టి ముంచా. జంట గాట్లని రెండు వేళ్ళతో మూసి పట్టుకుంటే ఇంకోచోట సన్నగా, సూదిమొన నుంచి వచ్చినట్టు బుడగలు. టైరు వైపు, నడిమధ్యన. నేను టైరు ఎక్కించేటప్పుడు దాని మీద అక్షరాలు వాల్వు దగ్గరికి వచ్చేట్టు పెడతా. చూసేవాళ్ళు సోకు అనుకుంటారు. ఇట్లాంటప్పుడే అది పనికొస్తుంది. చిల్లు వాల్వుకి ఎన్ని జానల దూరమో కొలిచి, టైరు మీద అదే చోట వెతకొచ్చు. వెతికా. పల్లేరు ముల్లు. పైకొన అరిగి రబ్బరుతో సమానమైపోయింది. అంటే అప్పుడే గుచ్చుకున్నది కాదు, చాలా దూరం తిరిగింది. పొద్దున బాట చూసుకోడానికి రెండు చుట్లు పోయాడే, అప్పటిదే అయ్యుండాలి.

ఇప్పుడు కథ మారింది. నేను 27 కొట్టింది ఆరు గంటలకి, ఆ రెండు చుట్లకి ముందు. రేసు ఏడున్నరకి. ముల్లు చిల్లులోనే ఉంటే గాలి మెల్లగా పోతుంది. గీత దగ్గర నిలబడేసరికి అది 27 అయ్యే అవకాశమే లేదు. ఆపైన గెనిమ తగిలింది, ట్యూబు నలిగింది. ముల్లు ముందు, గాట్లు తర్వాత. నా 27 సరైనదే!

అని అరగంట సంతోషపడ్డా. తర్వాత తట్టింది, 27 ఎక్కడినుంచి తెచ్చా? నా సైకిలు నుంచి. నావి ట్యూబులేని టైర్లు, నలగడానికి లోపల ట్యూబే లేదు. చక్రానికి అరవై మిల్లీలీటర్ల సీలెంటు ఉంది, పల్లేరు ముల్లుని అది మూసేసేది (మన ఎండలకి రెండు మూడు నెలల్లో అదీ ఎండి పొరలు కడుతుంది, ఊపి చూసి మళ్ళీ పొయ్యాలి). చిన్నోడు యాభై రెండు కిలోలున్నా, ట్యూబుతో, ఆ రాళ్ళలో, 31, 32 పెట్టాల్సింది. పైగా మా పంపు గడియారం 160 దాకా కొలిచేది. అడుగున 25కీ 30కీ మధ్య గడియారం ముల్లు వణుకుతుందే గానీ నిలవదు. అది చూసి 27 అన్నాను! తక్కువ గాలికి ముప్పై, నలభై దాకా మాత్రమే చూపించే చిన్న గేజి కావాలి, బాట చూసి వచ్చాక గీత దగ్గర మళ్ళీ ఒకసారి పెట్టి చూడాలి.

ఇంకోటి. కారులో వస్తా చిన్నోడు అన్నాడు, "రెండో చుట్టు చివర్లోనే మలుపుల్లో వెనక తోక ఊగినట్టు ఉండిందత్తా." గాలి పోతోందనడానికి అంతకంటే గుర్తు లేదు. అప్పటికి పిట్ ఇంకా ముందే ఉంది. అట్ల ఊగితే వెంటనే పిట్‌లోకి తిప్పమని నేనెప్పుడూ చెప్పలేదు. పలకలు, భుజం, ఇసక అన్నీ నేర్పి, ఇది నేర్పలేదు.

జంట గాట్లున్న ట్యూబుకి ప్యాచ్ అతికించే ఓపిక లేదు. పడేస్తా. బకెట్టు నీళ్ళు మల్లెచెట్టుకి పోసి వచ్చా. పట్టకారుతో ముల్లు లాగి, అన్న కాఫీ గ్లాసు బోర్లించే చోట పెట్టా.