అత్తమ్మతో డోర్నకల్ దాకా

మెదక్ చర్చి పేరు చెప్తే ఎవరైనా గుర్తుపడతరు, క్రిస్మస్ కి ఇంటిల్లిపాది కార్లేసుకొని పోయి సెల్ఫీలు దిగి వస్తరు కూడా. డోర్నకల్ల కూడా ఒక చర్చి ఉంది గానీ, డోర్నకల్ అంటే మాత్రం "కొత్తగూడెం లైన్ మళ్ళే జంక్షన్ కదా" అంటరు అంతే. నేను కూడా నలభై ఏళ్ళు హన్మకొండల ఉండి ఆ స్టేషన్ మీదికెళ్లి ఖమ్మం, బెజవాడ ఎన్నిసార్లు పోయిన్నో లెక్కలేదు గానీ ఒక్కసారన్నా దిగింది లేదు. ఈసారి దిగినం అంటే అది మా మేనత్త వల్లనే.

అత్తమ్మకి డెబ్బై రెండు. మా మామయ్య సీఎస్ఐల (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, దక్షిణాది సంఘాలు కలిసి అయిన చర్చి) పాస్టర్, పోయి ఆరేళ్ళయింది. అయ్యగారి భార్య కాబట్టి ఊరోళ్ళందరికీ ఆమె అమ్మగారు, ఇప్పటికీ కూరగాయలామె సుత "అమ్మగారూ, బెండకాయలు లేతగున్నయి" అనే పిలుస్తది. మా తాత, అంటే అత్తమ్మ వాళ్ళ నాయిన, పల్లెల్ల బడి పంతులు, ఆదివారం ఆయనే వాక్యం చెప్పేది. ఆయన నోట్ల ఎప్పుడూ ఒకటే మాట, "తండ్రిగారు", "తండ్రిగారు". చిన్నప్పుడు నేను దేవుని గురించి అనుకునేటోణ్ణి. కాదు, డోర్నకల్ బిషప్ అజరయ్య గారిని అప్పట్ల ఊర్లల్ల అట్లనే పిలిచేటోళ్ళంట. ఆయన చనిపోయింది 1945 జనవరి 1న, డోర్నకల్ లనే. అందుకని అత్తమ్మ "ఈసారి జనవరి ఒకటికి సమాధి దగ్గరికి పోవాలె బిడ్డా" అని అక్టోబర్ నుంచే అంటున్నది, ఒకటో తారీకు చర్చిల ఆరాధన ఉంటది, ట్రైన్లల్ల రష్ ఉంటది అని నేనే ఆపి, సంక్రాంతికి ముందు ఒక మంగళవారం తీస్కపోయిన.

వరంగల్ల పొద్దున ట్రైన్ ఎక్కినం. టిఫిన్ డబ్బా వంటింట్ల గట్టు మీదనే మర్చిపోయిన, నేనే సర్ది నేనే మర్చిపోయిన, అది నెక్కొండ దాటినంక యాదికొచ్చింది. అత్తమ్మ ఏమనలేదు, సంచిల నుంచి రెండు జామకాయలు తీసి ఒకటి నా చేతిల పెట్టింది. కేసముద్రం, మానుకోట (మహబూబాబాద్ అని బోర్డు మీద రాస్తరు గానీ మా ఇంట్ల అందరికీ మానుకోటనే), గుండ్రాతిమడుగు, గార్ల... గార్లల బండి ఆగంగనే అత్తమ్మ లేచి చెప్పులేస్కొని "దిగు దిగు" అని ఒకటే తొందర, ఇది గార్ల అత్తా, వచ్చేది డోర్నకల్ అని చెప్పి కూర్చోబెట్టేసరికి పక్క సీటాయన నవ్వు ఆపుకోలేకపోయిండు.

దారిపొడుగునా నేను అజరయ్య గారి సంగతులే చెప్పిన, పోయేముందు రెండ్రోజులు కూర్చొని చదివిన మరి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. ఊరు తిరునెల్వేలి వైపు వెల్లాలన్విళై, పుట్టింది 1874 ఆగస్టు 17. తండ్రి పల్లెటూరి చర్చి పాస్టర్. ఒక ఆడపిల్ల పుట్టినంక 13 ఏళ్ళు కాన్పు లేక, తల్లి మొక్కుకొని మొక్కుకొని కన్న కొడుకు, అందుకే బైబిల్ల అట్లనే పుట్టిన సమూయేలు పేరు పెట్టిన్రు. తండ్రి 1889లనే పోతే తల్లే పెంచింది. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీల చదివిండు గానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. తర్వాత 1920ల కేంబ్రిడ్జ్ వాళ్ళు పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చిన్రు, అది వేరే సంగతి. "మరి మనోడు డిగ్రీ ఫెయిలయితే నువ్వెందుకు మొత్తుకున్నవ్" అన్నది అత్తమ్మ, మా పెద్దోణ్ణి తలుచుకొని. నేనేం మాట్లాడలే.

వైఎంసీఏల (క్రైస్తవ యువకుల సంఘం) పని చేసుకుంట దేశమంతా తిరుగుతున్న మనిషి, 1903ల వాళ్ళ తిరునెల్వేలి వాళ్ళతోనే ఒక మిషనరీ సొసైటీ పెట్టించిండు. తెల్లదొరల పైసల్లేకుండా, మనోళ్ళ పైసలతోటి మనోళ్ళే పోయి పని చెయ్యాలె అని. అట్లా ఆ తమిళోళ్ళు వచ్చి పడ్డది ఈ నిజాం ఇలాకాల, అప్పటి మన వరంగల్ జిల్లాలనే. చివరికి 1909ల సెక్రటరీ ఉద్యోగం వదిలేసి తనే వచ్చేసిండు. అప్పటికి ముప్పై అయిదేళ్ళు, తెలుగు ఒక్క ముక్క రాదు. అ ఆల కాడికెళ్లి మొదలువెట్టిండు. మూడేళ్ళకే, 1912 డిసెంబర్ 29న కలకత్తాల బిషప్ అయిండు, ఆంగ్లికన్ చర్చిల, అంటే ఇంగ్లండ్ వాళ్ళ చర్చిల, మొట్టమొదటి భారతీయ బిషప్. "నల్లోడు బిషప్పా" అని మూతులు ముడిచిన తెల్లోళ్ళు అప్పుడు మస్తు మందే, మనోళ్ళల్ల కూడా ఉన్నరు, దాచుడెందుకు.

ఇదంతా చెప్తుంటే అత్తమ్మ కిటికీలకెళ్లి మిరప చేన్లు చూసుకుంట "ఊ" కొడుతున్నది. ఆఖరికి అడిగింది, "ఆమె పేరేంది?"

ఎవరి పేరు అత్తా?

"ఆయన భార్యది రా. అమ్మగారిది."

అన్బు మరియమ్మాళ్. అదృష్టం బాగుండి అది యాదుంది. పెళ్లి 1898ల. కట్నం వద్దన్నడు, ఆడంబరం లేకుండా చేసుకున్నరు. ఆమె కూడా తక్కువది కాదు, ఆ కాలంల దక్షిణాదిల కాలేజీ మెట్లెక్కిన క్రైస్తవ ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది, అందుల ఒకామె. ఆరుగురు పిల్లలు, నలుగురు కొడుకులు ఇద్దరు బిడ్డలు. కట్నం మాట వినంగనే అత్తమ్మ మొహం వెలిగిపోయింది, తర్వాత మాడింది కూడా. "ఇప్పటి అయ్యగార్ల కొడుకులకు ఇది చెప్పాలె, కారు కూడా అడుగుతున్నరు" అన్నది. ఎవరి గురించో నాకు తెలుసు గానీ రాయను.

స్టేషన్ నుంచి ఆటో. దూరం నుంచే గుమ్మటాలు కనబడతయి. ఎపిఫనీ కెథడ్రల్, 1939 జనవరి 6న, అంటే సరిగ్గా ఎపిఫనీ (జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన) పండుగనాడే ప్రతిష్ఠ చేసిన్రు. మొదలుపెట్టింది ఎప్పుడో, కరువులు, యుద్ధం, పైసల్లేక ఆగి ఆగి పూర్తయింది. మెదక్ ది చూస్తే ఇంగ్లండ్ నుంచి లేపుకొచ్చి పెట్టినట్టుంటది, తప్పు అంటలేను, అందం అందమే. ఇది అట్ల కాదు. గుమ్మటాలు చూస్తే నిజాం నాటి దర్గా యాదికొస్తది, లోపల స్తంభాల నడుమ నిలబడితే మన వేయిస్తంభాల గుడి మండపం లెక్క. తామరపువ్వు, శిలువ కలిపి చెక్కిన్రు. ఈ మట్టిల పుట్టినట్టే ఉండాలె అని ఆయన పట్టుపట్టి కట్టించిండంట. లోపల చల్లగా ఉంది. క్రిస్మస్ నాటి కాయితం నక్షత్రం ఇంకా దించలేదు, ఒక మూల ఊడి ఫ్యాన్ గాలికి తిరుగుతున్నది, దాని కింద ఒక పిచ్చుక రెట్ట.

అత్తమ్మ చెప్పులిప్పి ముందు బెంచీ దాకా పోయి మోకరించింది, నేను వెనకనే కూర్చున్న. లేచొచ్చినంక రెండు చేతులు తల మీద పెట్టుకొని చూపించింది, "మా నాయిన ఇట్ల పెట్టుకున్నడంట, బాప్తిస్మం నాడు". అజరయ్య గారి అలవాటది, బాప్తిస్మం తీసుకున్న ప్రతి ఒక్కరి చేత, కూలోడైనా ముసలామైనా, తల మీద చెయ్యి పెట్టించి "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అనిపించేటోడు. నువ్వు విని పోవుడు కాదు, నువ్వే చెప్పాలె అని. ఎడ్లబండిల, సైకిల్ మీద ఊరూరు తిరిగెటోడు. పోయిన ఊరల్లా నాలుగు దయ్యాల మీద యుద్ధం అనెటోడంట, మురికి, రోగం, అప్పు, తాగుడు. "మొదటి రెండు కొంచెం తగ్గినయి" అన్నది అత్తమ్మ, మిగిలిన రెండిటి గురించి మాట్లాడలేదు, మా చిన్నబాబాయి సంగతి మా ఇంట్ల అందరికీ తెలుసు. 1935 నాటికి ఆయన డయాసిస్ (బిషప్ కింది ఇలాకా) లో 250 మంది మనోళ్ళే పాస్టర్లు, రెండు వేలకు పైగా పల్లె పంతుళ్ళు. తర్వాత ఆ పంతుళ్ళల్లకే మా తాత చేరిండు. సంఘాలన్నీ ఒక్కటి కావాలె అని 1919ల తమిళనాట తరంగంబాడి మీటింగ్ నుంచి కొట్లాడిండు, సీఎస్ఐ పుట్టింది 1947 సెప్టెంబర్ 27న, మూడేళ్ళ లోపు తేడాతోటి చూడలేకపోయిండు.

సమాధి ఆ ఆవరణలనే. పెద్ద ఆర్భాటం ఏమీ లేదు. అత్తమ్మ కొంగుతోటి రాతి మీది దుమ్ము తుడిచి, తెచ్చిన చేమంతులు పెట్టి, చాలాసేపు నిలబడ్డది. ప్రార్థన చేస్తున్నదనుకున్న. తర్వాత అడిగితే అన్నది, "నేను ఆయన గురించి అనుకుంటలేను రా. ఆమె ఆరుగురు పిల్లలతోటి, భాష రాని ఊరికి, అప్పట్ల ఇదంతా అడవేనాయె, వచ్చి ఉప్పు ఏమని అడిగిందో, చల్ల ఏమని అడిగిందో అని."

నేను ఎన్ని తారీకులు చదివినా ఆ ప్రశ్న నాకు రాలేదు. పాస్టర్ ట్రైనింగ్ కి వచ్చినోళ్ళ భార్యలకు అన్బమ్మ గారే చదువు చెప్పేదని చదివిన, అదొక్కటి చెప్పిన. అత్తమ్మ తల ఊపింది. "మరి అట్లనే నేర్చుకొని ఉంటది. వాళ్ళకు అక్షరాలు చెప్పుకుంట, వాళ్ళ దగ్గర మాట నేర్చుకుంట." అత్తమ్మ వాళ్ళమ్మ పూటపూటకూ వండే బియ్యంల నుంచి ఒక పిడికెడు తీసి వేరే కుండల పోసెటిదంట, ఆదివారం గుడికి కానుక. ఇంట్ల గంజి తాగే రోజున కూడా ఆ కుండ ముట్టనియ్యలేదంట. చెప్తుంటే ఆమె చెయ్యి దానంతట అదే పిడికిలి పట్టింది, వేళ్ళ సందుల నుంచి గింజ జారకుండ.

బయటికొస్తుంటే వాచ్‌మన్ భార్య పెరట్ల పుంటికూర తెంపుతున్నది. ఇద్దరికీ రెండు నిమిషాలల్ల చుట్టరికం కలిసిపోయింది, ఎవరి అత్తగారిది ఏ పాస్టరేట్ (ఒక పాస్టర్ కింది సంఘాలు) అనుకుంట. వచ్చేటప్పుడు పెద్ద కట్ట ఇచ్చింది, పైసలిస్తే తీసుకోలే.

మధ్యాహ్నం బండి కొంచెం ఖాళీగనే దొరికింది. అత్తమ్మ సీటు మీద పేపర్ పరిచి ఆకు తెంపుడు మొదలుపెట్టింది, కాడలు ఒక దిక్కు, ఆకు ఒక దిక్కు. తెంపుకుంటనే తన బదిలీలు చెప్పింది, మామయ్యతోటి తొమ్మిది ఊర్లు తిరిగిందంట, ఏ ఊర్ల పార్సనేజ్ (పాస్టర్ ఉండే ఇల్లు) కప్పు కురిసేది, ఏ ఊర్ల బావి నీళ్ళు ఉప్పగుండేవి, ఏ ఊర్ల మొదటి రోజే పక్కింటామె నిప్పు ఇయ్యనన్నది, ఏ ఊర్ల మా బావ పుట్టిండు. ఇన్నేళ్ళల్ల నేను ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు. ఎనిమిదో ఊరు నడుస్తుండగనే వరంగల్ వచ్చేసింది. కాడలన్నీ పేపర్ల చుట్టి నా చేతికిచ్చింది. తొమ్మిదోది ఆటోల చెప్పింది.