సోమవారం మాత్ర

నిన్న అమ్మను తిరుపతిలో చూపించుకోనొచ్చినాం. రెండేండ్లుగా కీళ్ళవాతం, పొద్దున లేస్తే గంటసేపు వేళ్ళు ముడుచుకోవు, పాలప్యాకెట్ కత్తిరించేదానికి కూడా నన్నే పిలిచేది. ఊర్లో అందరూ పుత్తూరు కట్టు కట్టించమన్నోళ్ళే, ఎముక విరిగితే సరే గానీ ఇది మన ఒంట్లో రోగనిరోధక శక్తే మన కీళ్ళ మీద తిరగబడే జబ్బు కదా. మేమూ తక్కువేం కాదులే, మెడికల్ షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొని మింగించినాం, నొప్పి తగ్గింది, షుగర్ వచ్చింది.

ఈ డాక్టరమ్మ ఒక్కో కీలూ నొక్కి చూసినారు, మొత్తం 28, నొప్పి ఎన్నింట్లో వాపు ఎన్నింట్లో అని లెక్కేసి, రక్తపరీక్ష కూడా కలిపి జబ్బు ఎంత జోరుగా ఉందో స్కోరు చెప్పినారు, 2.6 కంటే కిందికి దించాలంట. ఈ జబ్బుకిచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే. ముందు ఇంకోచోట ఆ ముక్క ఎవరూ సరిగా చెప్పక అమ్మ నాలుగురోజులు వరసగా మింగేసింది, నోరంతా పుండ్లు. ఈడ నర్సమ్మ చీటీ మీద ఎర్రపెన్నుతో 'సోమవారం' అని రాసి, అమ్మ చేతనే మూడుసార్లు చెప్పించింది, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వేరే రోజు, లివర్ టెస్టు మర్చిపోవద్దు అని. ఐదు నిమిషాల పని అబ్బా అది!

బస్సులో అమ్మ, "రేపు ఏ వారం రా?" అనింది. "మంగళవారం అమ్మా" అన్నా.

"అయితే మింగకూడదు."