ముక్కు మాత్రం గులాబీ రంగే

సంక్రాంతికి ఇంకా నాలుగు రోజులుంది. దాళ్వా (రెండో పంట) వరి ఊడ్పులు చూసుకుందామని పొద్దున్నే ముమ్మిడివరం దగ్గరి చేనికి వెళ్లాను. ఇంకా ఊడ్చని మడి గట్టున ఒక పెద్ద బూడిదరంగు పక్షి గడ్డి మేస్తోంది. గ్రేలాగ్ గూస్, అంటే బూడిదరంగు అడవి పెద్దబాతు! గుండె ఝల్లుమంది.

"ఎవరింటిదో తప్పించుకొచ్చిన బాతేనండీ" అన్నాడు మా కౌలు రైతు. ఆ మాటను తీసిపారేయలేను. కొబ్బరి తోటల్లో కాపలాకు పెంచే పెద్ద బాతుల్లో చాలా వాటికి మూలం ఈ జాతే. అడవివి చలికాలంలో ఉత్తర భారతానికి, చిలికా సరస్సుకు వస్తాయి. చిలికా ఇక్కడికి 500 కిలోమీటర్ల లోపే, దాని రెక్కలకు ఒక రాత్రి ప్రయాణం. కానీ రాగలదు అన్నంత మాత్రాన వచ్చిందని కాదు.

గట్టు మీద గంటసేపు కూర్చున్నాను. ముక్కు లేత గులాబీ రంగు. ఆసియా వైపు గ్రేలాగ్‌లకు అలాగే ఉంటుంది, పెంపుడు వాటికి ఎక్కువగా నారింజ. పెంపుడు వాటిలా పొట్ట నేలకు వేలాడడం లేదు. కుక్క అరవగానే తేలిగ్గా లేచి, చేను చుట్టూ తిరిగి వచ్చి వాలింది. రెక్కల ఈకలేవీ కత్తిరించి లేవు. కాలికి ఉంగరమూ లేదు. ఉన్నా దాన్ని చదవడం తెలియాలి: పెంపకందార్లు పిల్లగా ఉన్నప్పుడే కాలికి తొడిగే ఉంగరానికి అతుకు ఉండదు, పరిశోధకులు పెద్ద పక్షికి వేసే లోహపు పట్టీకి ఉంటుంది. లేకపోవడం మాత్రం దేనికీ సాక్ష్యం కాదు.

అది వాలిన చోట రెట్ట చూశాను. పచ్చగా, గడ్డి పీచుతో నిండి ఉంది, తవుడు జాడ లేదు. సంబరపడబోయి ఆగాను. ఇంటి బాతైనా నాలుగు రోజులు గడ్డి మేస్తే ఇంతే కదా. పైగా ఇవి గుంపుగా తిరిగే పక్షులు, ఇది ఒంటరి. నన్ను ముప్పై అడుగుల దాకా రానిచ్చింది కూడా. అలసిపోయిందా, మనుషులకు అలవాటు పడిందా?

మధ్యాహ్నం బాతులు పెంచే రెండిళ్లకు వెళ్లి అడిగాను. ఏదీ తప్పిపోలేదన్నారు. మూడో ఇల్లు తాళం వేసి ఉంది.

చిలికా నుంచే వచ్చిందని నా మనసు కోరుకుంటోంది. అందుకే చూసినవన్నీ నా పక్షుల నోటు పుస్తకంలో రాసి, అడవిదా పెంపుడుదా అన్న చోట "తేలలేదు" అని పెట్టాను. నా ఆశను నిజంగా రాస్తే, రేపు ఈ జాతి ఎక్కడిదాకా వస్తోందో లెక్క కట్టేవారికి అబద్ధం చెప్పినట్లే.

రేపు ఊడ్పు ఆ మడికే రావాలి. దాన్ని చివరికి పెట్టుకుందామని కౌలు రైతును అడిగాను. "అలాగేనండీ" అన్నాడు.