అమ్మతో పాట్స్‌క్వారో ప్రయాణం

డల్లాస్‌లో మా ఇంటికి వచ్చిన అమ్మను మెక్సికో తీసుకెళ్తానంటే అందరూ కాంకూన్ బీచ్‌లకు వెళ్లమన్నారు. నాకు మాత్రం మిచోవకాన్ రాష్ట్రంలోని పాట్స్‌క్వారో చూడాలని ఎప్పటి నుంచో కోరిక. సముద్రమట్టానికి 2,000 మీటర్లకు పైన, కొండల మధ్య సరస్సు, దాని పక్కన ఎర్ర పెంకుల ఇళ్ల పాత ఊరు.

మొదట టెన్షన్ పెట్టింది వీసా. పాస్‌పోర్టులో గడువు తీరని అమెరికా వీసా ఉంటే భారతీయులకు విడిగా మెక్సికో వీసా అక్కర్లేదు, పర్యాటకులుగా 180 రోజుల వరకు ఉండొచ్చు. అమ్మ విజిటర్ వీసా, నా హెచ్1బీ స్టాంపు రెండూ చెల్లుబాటులోనే ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నా సరిపోతుంది. స్టాంపు గడువు తీరి, చేతిలో హెచ్1బీ ఆమోదం తెలిపే ఐ-797 కాగితం ఒక్కటే ఉన్నవాళ్లకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. మనవాళ్లలో చాలామంది పరిస్థితి అదే. టికెట్ కొనకముందే పాస్‌పోర్టు తీసి తేదీ చూసుకోండి.

మిచోవకాన్‌కు వెళ్లొద్దని అమెరికా విదేశాంగ శాఖ హెచ్చరిక ఉంది. దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేదు. అక్కడివాళ్లను అడిగి తెలుసుకున్నాకే బయల్దేరాం. పగలే ప్రయాణం, టోల్ రోడ్డే, హోటల్‌వాళ్లు పంపిన కారే. చీకటి పడ్డాక ఊరు దాటలేదు.

మిచోవకాన్ రాజధాని మొరేలియా ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ అధికారి హోటల్ బుకింగ్, తిరుగు టికెట్ చూపించమన్నాడు. రెండూ ప్రింట్ తీసి అమ్మ చేతికే ఇచ్చి ఉంచాను. ముద్ర వేసి పక్కన రోజుల సంఖ్య రాశాడు. ఎన్ని రోజులివ్వాలన్నది అధికారి ఇష్టం కాబట్టి ఆ సంఖ్య కౌంటర్ దగ్గరే చదువుకోవాలి. అక్కడి నుంచి పాట్స్‌క్వారోకి కారులో గంట దూరం. ఎత్తు వల్ల అమ్మకు కాస్త ఆయాసం వచ్చింది. అందుకే మొదటి రోజు చౌకు దగ్గర కూర్చోవడమే పనిగా పెట్టుకున్నాం. ఆ చౌకుకు 16వ శతాబ్దపు బిషప్ వాస్కో దె కిరోగా పేరు పెట్టారు. చుట్టుపక్కల పురెపెచా అనే స్థానిక ఆదివాసీల ఊళ్లలో ఒక్కోచోట ఒక్కో చేతిపని స్థిరపడటం ఆయన చలవేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. సాంతా క్లారా దెల్ కోబ్రె అనే ఊళ్లో ఇప్పటికీ రాగి రేకులు కొట్టి పాత్రలు చేస్తున్నారు. అమ్మ అక్కడ ఒక చెంబు కొనుక్కుంది.

అమ్మ పూర్తి శాకాహారి. అక్కడ "మాంసం వద్దు" అంటే చాలదు, పంది కొవ్వు, కోడి మాంసం ఉడికించిన నీళ్లు కూడా వద్దని చెప్పాలి. స్పానిష్‌లో "సిన్ మాంతెకా, సిన్ కాల్దో దె పోయో" అని కాగితం మీద రాసి చూపించాను. లేత మొక్కజొన్న రుబ్బి, పొత్తు ఆకుల్లోనే చుట్టి ఆవిరికి పెట్టే ఉచెపోలు మన పొట్టిక్క బుట్టలంత మెత్తగా ఉన్నాయి. అమ్మ రోజూ అవే అడిగింది.

ఇక సరస్సు. రేవులో టికెట్ తీసుకుంటే, జనం నిండాక లాంచీ కదులుతుంది. సగం చింపి ఇచ్చిన టికెట్ తిరిగి రావడానికీ కావాలి, పారేయకూడదు. హనిట్సియో ద్వీపం మీద స్వాతంత్ర్య వీరుడు మొరెలోస్ విగ్రహం 40 మీటర్ల ఎత్తున నిలబడి ఉంటుంది. 1930లలో కట్టింది. లోపల మెట్ల వెంట గోడల నిండా ఆయన జీవితమే చిత్రాలుగా ఉంటుంది, పైకెత్తిన పిడికిలి దాకా ఎక్కొచ్చు. దుకాణాల మధ్య నుంచి విగ్రహం కాళ్ల దాకా వెళ్లే దారే నిట్టనిలువు. అమ్మ సగంలో ఒక అరుగు మీద ఆగింది, నేనే పైకి వెళ్లాను.

ద్వీపం చేరబోయే ముందు జాలర్లు సీతాకోకచిలుక రెక్కల్లాంటి వలలు ఎత్తి చూపించి, పడవ దగ్గరికొచ్చి డబ్బులు అడుగుతారు. ఇవ్వండి. ఆ వలలతో ఒకప్పుడు పట్టిన తెల్ల చేప ఇప్పుడు దాదాపు దొరకడం లేదు. బయటి చేపల్ని తెచ్చి వదలడం, మితిమీరి పట్టడం, మురుగు కలవడం, అన్నీ కలిసి దాన్ని తినేశాయి. నీళ్లూ తగ్గుతున్నాయి. 2024 కరువులో ఒడ్డు చాలా దూరం వెనక్కి పోయింది. తోటల కోసం ట్యాంకర్లతో దొంగచాటుగా నీళ్లు తోడుతుంటే ఊళ్లవాళ్లే అడ్డుకోవాల్సి వచ్చింది. రేవు పక్కన ఎండిన మట్టి మీద గడ్డి మొలిచి ఉండటం చూసి నాకు గొంతు పట్టేసింది. ఈ ఒక్క సరస్సులోనే సహజంగా బతికే అచోకే అనే ఉభయచరాన్ని ఊళ్లోని డొమినికన్ సన్యాసినులు తమ మఠంలో తొట్టెల్లో పెంచుతున్నారు. దానితో దగ్గు మందు చేయడం వాళ్ల పాత అలవాటు. సరస్సులో అవి కరువయ్యాక వాళ్లే సంతతి పెంచడం మొదలుపెట్టారు. బయట మిగిలినవాటికి ఇప్పుడు వాళ్లే పెద్ద భరోసా.

నవంబర్ 1 రాత్రి, చనిపోయినవాళ్ల కోసం సమాధుల దగ్గర దీపాలు పెట్టే వేళకు హనిట్సియో కిక్కిరిసిపోతుంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మామూలు రోజుల్లో, పొద్దున్నే మొదటి లాంచీ అందుకునేలా రేవుకి చేరుకోండి. పెసోలు చిల్లరగా దగ్గర పెట్టుకోండి.