దడ గుండెది, పరీక్ష నిద్రకు

నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, అని తేలాక రక్తం పలచబరిచే మాత్ర, గుండె వేగం తగ్గించే మాత్ర మొదలుపెట్టారు. అయినా తెల్లవారుజామున దడతో మెలకువ వచ్చేది. మా వారు డాక్టరు గారితో, "రాత్రిళ్లు గురక మధ్యలో ఈమెకు ఊపిరి ఆగిపోతోందండీ" అన్నారు. ఆయన వెంటనే నిద్ర పరీక్ష రాశారు. ఆడవాళ్ల గురక గురించి చెప్పడానికి సిగ్గుపడే ఇళ్లే ఎక్కువ. దయచేసి చెప్పండి.

తలకు నూనె రాసుకోకుండా రమ్మన్నారు. పాపిట వెంట జిగురు పూసి తీగలు అతికించారు. కళ్ల పక్కన, గడ్డం మీద, కాళ్లకు కూడా. ఛాతీకి, పొట్టకు పట్టీలు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. "ఇన్నిటితో నిద్ర పడుతుందా అమ్మా?" అంటే, "పడుతుంది ఆంటీ, అందరూ అలాగే అంటారు" అంది టెక్నీషియన్ అమ్మాయి. పట్టింది.

ఊపిరి కనీసం 10 సెకన్లు ఆగినా, బాగా తగ్గినా లెక్కలోకి వస్తుంది. అలా గంటకు 5 లోపు ఉంటే మామూలే, 30 దాటితే తీవ్రం. నాది 30 దాటింది. నిద్రలో ఇలా ఊపిరి ఆగే జబ్బునే స్లీప్ ఆప్నియా అంటారు. ఆగిన ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, బీపీ ఎగబాకుతుంది. మూసుకుపోయిన గొంతులోంచి గాలి లాగబోతే ఆ ఒత్తిడికి గుండె పైగదులు సాగుతాయి. నా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ పుట్టేది ఆ గదుల్లోనే. డాక్టరు గారు బొమ్మ గీసి చూపించాక గానీ రాత్రికీ దడకూ ఉన్న లంకె నాకు అర్థం కాలేదు.

దీనికి సీప్యాప్ మిషను ఇచ్చారు, నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపేది. అది అలవాటు కావడమే అసలు కష్టం. మాస్కు పక్కనుంచి గాలి కారి కళ్లలోకి కొట్టేది, ముక్కు ఎండిపోయేది. చిన్న సైజు మాస్కు మార్చారు, తేమ పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ పోయమన్నారు. పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోవడం బాగా పనిచేసింది.

వెల్లకిలా పడుకోవడం మానేశాను. ఎడమ పక్కకు తిరిగితే దడ ఎక్కువగా తెలుస్తుంది కాబట్టి కుడి పక్కకే. సాయంత్రం ఇరానీ చాయ్ లేదు. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్లలో భోజనాలు రాత్రి పదికి గానీ మొదలు కావు. మేము అక్షింతలు వేసి ఇంటికొచ్చి పెందలాడే తింటున్నాం, ఎవరేమనుకున్నా సరే.

మాత్రలు మానలేదు, మానకూడదు కూడా. తెల్లవారుజాము దడ మాత్రం బాగా తగ్గింది. మూడు రకాల మందులు వాడుతున్నా మా చెల్లెలి బీపీ దిగడం లేదు. దాని గురక నేను విన్నాను. వచ్చే వారం దాన్నీ నిద్ర పరీక్షకు తీసుకెళ్తున్నాను.